ఊళ్లో నీళ్లు పట్టుకొచ్చి, ఫలితం ఇంగ్లీషులో వేశాను. యూనివర్సిటీవాళ్లు తెలుగులో బ్లాగు రాయడం దండగేనా?

వంశధార_కెమిస్ట్రీ (శ్రీకాకుళం):

నమస్కారం. మా జిల్లాలోనే ఒక యూనివర్సిటీలో కెమిస్ట్రీ చెబుతాను, కాంట్రాక్టు మీద, ఇది ఏడో ఏడు. ఇక్కడ రాసే అలవాటున్న పెద్దవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను. కాస్త పొడుగే, ఓపిగ్గా చదవండి.

నా పని భూగర్భజలాల మీద. రెండేళ్ల కిందట తీరం పక్క ఊళ్లు తిరిగి బోరు నీళ్లు పట్టుకొచ్చాను. స్కూటీ ముందు ఐసుపెట్టె, వెనక మా స్కాలర్ ఒళ్లో సీసాల సంచి. ఒక్కో బోరుకి రెండు సీసాలు. లోహాలు చూడ్డానికి ఒకదాంట్లో నైట్రిక్ యాసిడ్ చుక్కలు వేస్తాం, రెండోదాంట్లో ఏమీ వెయ్యం. గొట్టంలో నిలవున్న నీరు పోయి కొత్త నీరు రావాలంటే ముందు బోరు చాలాసేపు కొట్టాలి. ఒక ఊళ్లో ఒక మామ్మ మమ్మల్ని కొట్టనివ్వలేదు. "మీరు సదువుకున్నోలు, మీ సేతులు నొప్పెడతాయి" అని చీరకొంగు నడుముకి దోపి తనే కొట్టింది. సీసాలు నిండాక మజ్జిగ ఇచ్చి ఒకటే మాట అడిగింది. "ఏటి తేలిందో మాకూ సెప్పాలమ్మా, మరిసిపోకండి." తప్పకుండా చెబుతానన్నాను.

పరిశోధన పేపరు వచ్చింది. ఇంగ్లీషులో, తొమ్మిది పేజీలు. ప్రింటు తీసి మొదటినుంచీ చివరిదాకా చదివితే ఆ మామ్మకి చెప్పగలిగిన వాక్యం అందులో ఒక్కటి దొరకలేదు.

ఆ బాధతోనే పోయినేడాది తెలుగులో బ్లాగు మొదలుపెట్టాను. ఇప్పటికి పదకొండు టపాలు (పోస్టులు). అందులో ఐదోది ఎక్కువమంది చదివారు. అది ఎలా పుట్టిందో చెప్పాలి.

వేసవి సాయంత్రం, నరసన్నపేట దగ్గర మా చిన్నమ్మ వాళ్ల ఊళ్లో ఉన్నాను. వీధి అరుగు మీద ఒక కుర్రాడు రెండు గాజుగ్లాసులు పెట్టాడు. ఒకదాంట్లో ఊరి బోరు నీళ్లు, రెండోదాంట్లో తను అమ్మే ఫిల్టరు మిషను నీళ్లు. రెండిటి మీదా నాలుగు కడ్డీలున్న ప్లగ్గు ఒకటి పెట్టి స్విచ్చి వేశాడు. కాసేపట్లో బోరు నీళ్లు పసుపు రంగుకి తిరిగాయి, తర్వాత గోధుమ రంగు, ఆ తర్వాత చిక్కటి బురద, పైన తెట్టు. మిషను నీళ్లు మాత్రం చెక్కుచెదరలేదు. "రోజూ మీరు తాగుతున్నది ఇదే" అన్నాడు. పక్కింటి ఇల్లాలు పిల్లాణ్ణి దగ్గరికి లాక్కుంది. వాళ్లాయన అప్పటికే వాయిదాలు ఎన్ని అని అడుగుతున్నాడు.

నేను చిన్నమ్మ వంటింట్లోంచి చిటికెడు ఉప్పు తెచ్చి, అతని మంచి నీళ్లలో వేసి కలిపి, మళ్లీ స్విచ్చి వెయ్యమన్నాను. అవీ బురదయ్యాయి. ఎందుకంటే ఆ రంగు నీళ్లలోంచి వచ్చింది కాదు, ఇనప కడ్డీలోంచి వచ్చింది. నీళ్లలో లవణాలుంటే కరెంటు పారుతుంది, పారితే ఇనుము కరిగి తుప్పవుతుంది. మిషను నీళ్లలో లవణాలు తీసేశారు కనక కరెంటు పారలేదు. అంతకుమించి అందులో ఏమీ లేదు. అలాగని బోరు నీళ్లన్నీ మంచివని కాదు. ఫ్లోరైడుకి రంగు లేదు, వాసన లేదు. మన ప్రమాణాల ప్రకారం లీటరుకి 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దారి లేనప్పుడు 1.5 వరకు. నైట్రేటు 45 దాటకూడదు. ఈ రెండూ ఎంతున్నాయో ఆ గ్లాసు ఎన్నటికీ చెప్పదు. అడగాల్సిన పరీక్ష అడగకుండా, బురద చూసి భయపడి డబ్బు కడుతున్నారు.

ఆ రాత్రే కూర్చుని, ఫోనులో తీసిన నాలుగు ఫొటోలు పెట్టి రాశాను. వారం తిరక్కుండా ఎవరెవరి వాట్సాప్ గ్రూపుల్లోంచో తిరిగి అది నాకే వచ్చింది.

ఇప్పుడు అసలు సంగతి. పోయిన నెల మా డిపార్ట్‌మెంట్ మీటింగులో ఒక సీనియర్ గారు అందరి ముందూ అన్నారు, "ఇవి ఏ పట్టీలో పడతాయమ్మా? ఆ టైములో ఇంకో పేపరు అయిపోను కదా" అని. ఆయన చెడ్డవారు కాదు, నా మంచికే అన్నారు. కానీ ఆ రోజు నుంచీ కీబోర్డు ముందు కూర్చుంటే చెయ్యి ఆడటంలేదు. పన్నెండో టపా సగంలో ఉంది. ఇంట్లో ఇద్దరు పిల్లలు, రాత్రి పదిన్నర తర్వాత దొరికేది ఒక గంట. ఆ గంట దేనికివ్వాలి? మీలో ఎవరైనా ఈ దారిలో నడిచినవాళ్లుంటే చెప్పండి.

---

చంపావతి_1971 (విజయనగరం):

మేడమ్ గారూ, నేను అసోసియేట్ ప్రొఫెసర్‌ని, సబ్జెక్టు కామర్స్. మీ సీనియర్ గారి మాట కొట్టిపారేయొద్దని చెప్పడానికే రాస్తున్నాను.

యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ (యూజీసీ) 2018 నిబంధనల్లో పరిశోధన పాయింట్ల పట్టిక ఒకసారి తీసి చూడండి. సైన్సులో ఒక పేపరుకి 8, ఆర్ట్సులో అయితే 10. అనువాదాలకి, ఆన్‌లైన్ పాఠాలకి కూడా ఎంతో కొంత ఉంది. బ్లాగు అన్న మాటే లేదు. 2025 ఫిబ్రవరిలో యూజీసీ ఒప్పుకున్న పత్రికల కేర్ జాబితా ఎత్తేశాక ఏ పత్రిక మంచిదో తేల్చుకునే బరువు కూడా కాలేజీల మీద, మన మీద పడింది. ఇలాంటప్పుడు కాంట్రాక్టులో ఉన్నవారికి చేతిలో ఉన్న ఆయుధం పేపరే.

నా సంగతి చెబుతాను. ఒకప్పుడు నేనూ ఒక పత్రికకి వారం వారం రాసేవాణ్ణి. రైతులకి, చిన్న కొట్లవాళ్లకి పన్నుల గురించి. జనం ఫోన్లు చేసేవారు, చాలా సంతోషంగా ఉండేది. ప్రమోషన్ ఫైలు వేసేటప్పుడు ఆ కత్తిరింపులన్నీ తెల్లకాగితాల మీద అతికించి, బైండు చేయించి పట్టుకెళ్లాను. కమిటీలో ఒక్కరూ అట్ట తిప్పలేదు. ఒక పేపరు తక్కువైందని రెండేళ్లు ఆపారు. ఆ రెండేళ్ల తేడా ఈనాటికీ నా జీతంలో ఉంది, మా అమ్మాయి చదువు ఫీజులు కట్టేటప్పుడల్లా తగులుతుంది.

మానెయ్యమనను. వరస మార్చమంటాను. ముందు పేపరు పంపండి, అది అచ్చయ్యాక తెలుగులో రాయండి. అచ్చు కాని అంకెలు బ్లాగులో పెడితే కొన్ని పత్రికలు "ఇది ముందే బయటికొచ్చింది" అని తిప్పి పంపే ప్రమాదం ఉంది. ఇంకొకరు ఎత్తుకుపోయే ప్రమాదం కూడా ఉంది. మీ ఉద్యోగం నిలబడితేనే కదా మీరు ఇంకో పది ఊళ్లు తిరగగలిగేది.

---

కోట_గుమ్మం_మాస్టారు (విజయనగరం):

అమ్మా, చంపావతి గారు చెప్పింది పచ్చి నిజం, ఆయన పడ్డ నొప్పి నాకు తెలుసు. నేను ఫిజిక్సు చెప్పి రిటైరైనవాణ్ణి. తెలుగులో రాయడం మొదలుపెట్టి పద్దెనిమిదేళ్లయింది. కూడలి, జల్లెడ, మాలిక లాంటి, బ్లాగులన్నీ ఒకచోట చూపించే సంకలినుల రోజుల్లో రాత్రి టపా వేస్తే తెల్లారేసరికి వ్యాఖ్యలు ఉండేవి. ఇప్పుడు ఆ సందడి లేదు. అయినా రాస్తున్నాను.

నువ్వు వేసిన ప్రశ్న మన నేలకి కొత్తది కాదమ్మా. వంశధార ఒడ్డున పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో బడిపంతులు. సవర గిరిజనులకి చదువు చెప్పాలంటే ముందు తనకి సవర రావాలని ఆ భాష నేర్చుకున్నారు, వాళ్ల పిల్లలకి వాచకాలు రాశారు, నిఘంటువు కట్టారు. పండితులు మెచ్చేది గ్రాంథికమైన కాలంలో 1919లో "తెలుగు" అని పత్రిక పెట్టి జనం మాట కోసం వాదించారు. మా ఊళ్లో మహారాజా కాలేజీలో చెప్పిన గురజాడ అప్పారావు గారు 1914లో మద్రాసు యూనివర్సిటీకి తన అసమ్మతి పత్రం రాసిచ్చారు, చదువుకునే పుస్తకాల్లో వాడుకభాష ఉండాలని. ఇద్దరూ అధ్యాపకులే. వాళ్ల పనికి ఆనాడు ఏ పట్టీలోనూ గడి లేదు.

మన కాలంలోనూ ఉన్నారు. భాభా అణు పరిశోధన కేంద్రంలో పనిచేసిన కొడవటిగంటి రోహిణీప్రసాద్ గారు తెలుగులో ఎంత సైన్సు రాశారో. మద్రాసు ఐఐటీ ప్రొఫెసరు వి. శ్రీనివాస చక్రవర్తి గారు పరిశోధన చేసుకుంటూనే తెలుగులో సైన్సు బ్లాగు నడిపారు. ఆ టపాలు చదివి నేనే కొన్ని పాఠాలు వేరేగా చెప్పడం నేర్చుకున్నాను.

ఇంకోటి చెబుతాను, ఇది నాకు బాగా పట్టుకున్న సంగతి. 2010 డిసెంబరులో "సైన్స్" పత్రికలో ఒక పేపరు వచ్చింది. కాలిఫోర్నియాలో మోనో సరస్సు బురదలో దొరికిన సూక్ష్మజీవి, ప్రాణానికి తప్పనిసరైన భాస్వరానికి బదులు విషమైన ఆర్సెనిక్ వాడుకుంటోందని. నాసా పెద్ద ప్రకటనే చేసింది. రెండు మూడు రోజుల్లోనే కెనడాలో రోజీ రెడ్‌ఫీల్డ్ అనే ప్రొఫెసరు తన బ్లాగులో ఆ ప్రయోగంలో లోటుపాట్లు ఒక్కొక్కటీ విప్పి చెప్పింది. అంతటితో ఊరుకోలేదు, తన ల్యాబులో ఆ జీవిని పెంచి చూసింది, ఎలా సాగుతోందో బ్లాగులోనే రాసుకుంటూ పోయింది. 2012లో అదే పత్రిక ఆమె ఫలితాన్ని అచ్చువేసింది. 2025 జులైలో మొదటి పేపరునే వెనక్కి తీసుకుంది. బ్లాగు అంటే పనికి అడ్డొచ్చేది అనేవాళ్లకి నేను ఈ కథ చెబుతాను.

నీ ఐదో టపా చదివాను. బాగుంది గానీ రెండోపేరాలో నీళ్లలో కరెంటు పారే గుణాన్ని "విద్యుద్వాహకత" అని మూడుసార్లు వాడావు. అక్కడ ఆ మామ్మ ఆగిపోతుంది. నేను ఏది రాసినా మా ఇంటావిడకి చదివి వినిపిస్తాను. ఊఁ కొట్టడం ఎక్కడ మానేస్తే అక్కడ పెన్సిలుతో గీత పెట్టుకుంటాను. నువ్వూ అలా ఎవరికైనా వినిపించు.

---

కవిటి_సైన్సుమాస్టారు:

మేడమ్ గారూ, మీ గ్లాసుల టపా రాసింది మీరేనని ఇవాళే తెలిసింది! మా హైస్కూల్లో పదో తరగతికి ఆ ప్రయోగం చేసి చూపించాను. ఎలక్ట్రీషియన్ దగ్గర తొమ్మిది వోల్టుల ఎడాప్టరు ఒకటి తెచ్చి, రెండు ఇనప మేకులు వైర్లకి కట్టాను. ఇంటి కరెంటు జోలికి పిల్లల్ని పోనివ్వలేదు. వాన నీళ్లలో రంగు మారలేదు, ఉప్పెయ్యగానే మారింది. ఒక గుంటడు లేచి, "మరైతే సముద్రం నీల్లు పోస్తే ఇంకా బేగి అయిపోద్దా మాస్టారూ" అన్నాడు. మర్నాడు వాడే బారువ నుంచి సీసాతో తెచ్చాడు. బేగే అయిపోయింది. విద్యుద్విశ్లేషణ పాఠం ఆ ఏడాది నేను వేరే చెప్పక్కర్లేకపోయింది.

ఇది ఆనందం కొద్దీ చెప్పాను. ఇప్పుడు చెప్పేది మాత్రం జాగ్రత్తగా వినండి.

మాది ఉద్దానం. కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస, వజ్రపుకొత్తూరు, ఇచ్ఛాపురం, ఈ మండలాల్లో కిడ్నీ జబ్బు గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. ఇక్కడికి ఎందరో వచ్చారు. రక్తం తీసుకెళ్లారు, నీళ్లు, మట్టి పట్టుకెళ్లారు. నీళ్లంటారు, ఎండలో పని అంటారు, నొప్పి మాత్రలంటారు, కారణం ఇదీ అని తేలింది లేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు. హిరమండలం నుంచి పైపుల్లో నీళ్లు తెచ్చారు. ఇదంతా మంచిదే. కానీ ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్లిన మనిషి మళ్లీ గుమ్మంలోకి వచ్చి "మీది ఇలా ఉంది" అని చెప్పింది మా వీధిలో నాకు తెలిసి లేదు. మా నాన్నగారివి మూడుసార్లు తీసుకెళ్లారు. ఆయన పోయి ఐదేళ్లు.

రెండోది ఊరి పేరు. ఒకసారి ఎవరో మా పక్క ఊరి పేరు పెట్టి, ఇన్ని ఇళ్లు, ఇంతమంది రోగులు అని రాశారు. రాసినవారి ఉద్దేశం మంచిదే అయ్యుంటుంది. ఆ ఏడాది ఆ ఊళ్లో కుదిరిన సంబంధం ఒకటి వెనక్కి పోయింది. పెళ్లికూతురి తండ్రి ఆ కాగితం జేబులో పెట్టుకుని మా ఇంటికొచ్చి, "మాస్టారూ, ఇది ఎవులు రాసినారో కనుక్కోండి" అని అరుగు మీద కూర్చుండిపోయాడు. నేనేం చెప్పగలను? ఇంగ్లీషు పేపర్లో పేరున్నా ఊళ్లో ఎవరూ చదవరు. తెలుగులో రాస్తే చదువుతారు. దాని బలం అదే, దానితో వచ్చే ప్రమాదమూ అదే.

కాబట్టి మేడమ్, రాయండి. కాకపోతే ఊరి ఫలితం ముందు ఊరికి చెప్పి, వాళ్లు సరేనన్నాకే బయట పెట్టండి. పేరు లేకుండా "తీరం ఊరు" అంటే సరిపోయేచోట పేరొద్దు.

---

హైదరాబాద్_స్కాలర్:

అక్కా, నేను గణితంలో పీహెచ్‌డీ చేస్తున్నాను, సొంతూరు పాలకొండ. పాయింట్ల సంగతి నాకు తెలీదు గానీ, రాసింది పోకుండా ఉండే దారి చెప్పగలను. టపా పూర్తయ్యాక పీడీఎఫ్ చేసి జెనోడో అనే ఆన్‌లైన్ భాండాగారంలో పెట్టండి. యూరప్‌లోని సెర్న్ పరిశోధన సంస్థవాళ్లు నడుపుతున్నది, డబ్బు తీసుకోరు, డీఓఐ అనే శాశ్వత గుర్తింపు నంబరు ఇస్తారు. దాన్ని మీ ఆర్కిడ్ (పరిశోధకుల గుర్తింపు) పేజీకి కలిపితే రేపు ఎవరైనా ఉదహరించడానికి వీలుంటుంది. బ్లాగు సైటు మూతపడినా ఆ కాపీ ఉంటుంది. మా ఊరివాళ్లు రాసుకున్న పాత బ్లాగులు ఎన్నో ఇప్పుడు తెరుచుకోవడం లేదు, చాలా బాధగా ఉంటుంది.

మా రంగంలో ఒక ఉదాహరణ. 2009లో కేంబ్రిడ్జిలో టిమ్ గవర్స్ తన బ్లాగులో ఒక కష్టమైన లెక్క పెట్టి, ఎవరికి తోచింది వాళ్లు కింద రాయండి, కలిసి చేద్దాం అన్నారు. రెండు నెలలు తిరక్కుండానే దారి దొరికింది. పేపరు డి.హెచ్.జె. పాలిమ్యాత్ అనే ఉమ్మడి పేరుతో వచ్చింది. వ్యాఖ్యల పెట్టె తెరిచే ఉంచండక్కా, అది మూసెయ్యకండి.

---

వంశధార_కెమిస్ట్రీ (శ్రీకాకుళం):

అందరికీ పేరుపేరునా నమస్కారాలు. రాత్రి చదివి చాలాసేపు అలాగే కూర్చున్నాను.

చంపావతి గారూ, మీ వరస పాటిస్తాను, అచ్చు కాని అంకె ఒక్కటీ పెట్టను. కానీ బ్లాగు పేపరుకి ఏమీ ఇవ్వదని ఎవరన్నా మాత్రం ఒప్పుకోలేను, నాకు ఇచ్చింది. మూడో టపాలో నీటిలో లవణాలు లెక్కగట్టే పద్ధతి రాశాను. నీళ్లలో కరెంటు ఎంత పారుతుందో చూపే మీటరు అంకెని 0.64తో గుణిస్తే చాలని. కింద ఒకాయన వచ్చారు, ఏదో నీటి ల్యాబులో పనిచేసి రిటైరయ్యారట. "అమ్మా, ఆ లెక్క మామూలు నీళ్లకి. మీ తీరం బోర్లలో ఉన్నది ఎక్కువగా వంట ఉప్పే, అక్కడ 0.5 దగ్గరే నిలుస్తుంది, ఒకసారి ఎండబెట్టి తూచండి" అన్నారు. మర్నాడు కొన్ని నీళ్లు గిన్నెలో ఇగిరించి, 180 డిగ్రీల ఓవెన్లో ఆరబెట్టి తూచాను. గిన్నె అడుగున తెల్లటి పొర, గోటితో గీస్తే రాలింది. ఆయన చెప్పినట్టే వచ్చింది. అప్పటికి నా రెండో పేపరు పంపడానికి సిద్ధంగా ఉంది, పట్టిక మొత్తం మార్చుకున్నాను. నా ముగ్గురు సహరచయితల్లో ఎవరికీ అది తట్టలేదు.

మాస్టారూ, "విద్యుద్వాహకత" తీసేశాను. మా అమ్మకి చదివి వినిపిస్తే, కఠినజలం అన్న దగ్గర కూడా ఆగింది. "అదేటే?" అంది. సబ్బు నురగ రాదమ్మా, పప్పు ఉడకదు అన్నాను. "పప్పుడకని నీల్లని సెప్పొచ్చు కదా" అంది. అదే పెట్టాను. ఇన్నేళ్లు క్లాసులో కఠినజలం అని బోర్డు మీద రాశాను, మా ఇంటి బావి నీళ్లే కఠినజలమని నా విద్యార్థులకి ఎన్నడైనా తట్టిందో లేదో.

కవిటి మాస్టారూ, మీ మాట నన్ను బాగా కలవరపెట్టింది. నా రెండో టపాలో రెండు ఊళ్ల పేర్లున్నాయి. వెంటనే తీసేశాను. జరగకూడనిది ఏమీ జరగలేదనే అనుకుంటున్నాను, కానీ ఆ ఆలోచన అప్పుడు నాకు రాలేదు, రావలసింది. పన్నెండో టపా ఆపాను. దాన్ని ముందు ఒకే పేజీలో పెద్ద అక్షరాలతో ప్రింటు తీస్తాను. ఒక్కో బోరు దగ్గర ఏం తేలిందో, తాగొచ్చో, వంటకి పనికొస్తుందో, బట్టలకి మాత్రమేనో రాసి, ఆ మామ్మ ఊరికి తీసుకెళ్తాను. వాళ్లు సరేనంటే పేరు లేకుండా బ్లాగులో వేస్తాను. వచ్చే ఆదివారం పొద్దున్న పదింటికి వెళ్దామనుకుంటున్నాను. రాత్రి గంట దేనికన్న ప్రశ్నకి పూర్తి జవాబు నాకింకా దొరకలేదు. ప్రస్తుతానికి సోమ, మంగళ, బుధ పేపరుకి, గురువారం బ్లాగుకి అని గోడ మీద రాసుకున్నాను.

---

కవిటి_సైన్సుమాస్టారు:

ఆదివారం పదింటికి వద్దు మేడమ్. తీరం ఊళ్లలో ఆ వేళకి మగవాళ్లు వలల దగ్గరుంటారు, ఆడవాళ్లు చేపల బుట్టలెత్తుకుని అమ్మకానికి వెళ్లిపోతారు. సాయంత్రం నాలుగున్నర దాటాక వెళ్లండి, రామమందిరం అరుగు మీద అందరూ దొరుకుతారు. కాగితం ఒక్కటి చాలదు, ఇంటికొకటి అడుగుతారు, నలభై అయినా పట్టుకెళ్లండి. చదవలేనివాళ్ల కోసం ఒకసారి పైకి చదవండి. ఆ బోరు కొట్టిన మామ్మని ముందు వరసలో కూర్చోబెట్టండి.